రతన్‌పూర్ బంగారం, దాని జాడ

1921లో అప్పటి బిలాస్‌పూర్ జిల్లాలోని సోన్‌సరీ గ్రామంలో 600 బంగారు నాణేలు ఒక్కచోట బయటపడ్డాయి. వాటిలో 459 పృథ్వీదేవుడివి, 96 రత్నదేవుడివి, 36 జాజల్లదేవుడివి. ముగ్గురూ రతన్‌పూర్ రాజధానిగా దక్షిణ కోసలను ఏలిన కలచురి రాజులే. మిగిలిన 9 మాత్రం పరాయి దేశం నుంచి వచ్చినవి, కాశీ, కన్నోజు ప్రాంతాలనేలిన గాహడవాల గోవిందచంద్రుడివి. ఈ ప్రాంతపు నాణేల గురించి రాసేటప్పుడు ఈ లెక్కను ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు పోవడం రివాజు. నా మట్టుకు ఈ వ్యవహారమంతటికీ ఆ 9 నాణేలే ఆయువుపట్టు. అవి ఆ రాశిలో కలిసి ఉన్నాయని ఎవరో కూర్చుని లెక్క రాశారు కాబట్టే మిగిలిన 591 నాణేల కాలం గురించి ఇవాళ మనం ధైర్యంగా మాట్లాడగలుగుతున్నాం.

రతన్‌పూర్ మా బిలాస్‌పూర్‌కి పాతిక కిలోమీటర్ల దూరం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో ఉద్యోగాలకు వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఆ ఊరంటే మహామాయ అమ్మవారి గుడి. నవరాత్రుల్లో అక్కడ వెలిగించే జ్యోతి కలశాలు చూడడానికి ఏటా వెళ్తాం. 1741లో మరాఠా సేనాని భాస్కర పంత్ దండెత్తి వచ్చేదాకా హైహయ వంశీకులైన ఈ కలచురులు ఏడువందల ఏళ్లు అక్కడి నుంచే రాజ్యం చేశారన్న సంగతి మనవాళ్లలో కొద్దిమందికే తెలుసు. వాళ్లు సొంత పేరుతో బంగారు నాణేలు వేయించారని తెలిసినవాళ్లు ఇంకా తక్కువ.

ఆ నాణెం ఎలా ఉంటుందో ముందు దగ్గరగా చూద్దాం. మన పాత పావలాకంటే పెద్దది కాదు, బరువు నాలుగు గ్రాములకు కాస్త తక్కువ. ఒక వైపు చుక్కల వలయం మధ్య రెండు వరుసల నాగరి అక్షరాలు. ‘శ్రీమత్’ అనే గౌరవ పదం, దాని వెంటే సంధి కలిసిపోయి రాజు పేరు, ‘శ్రీమజ్జాజల్లదేవ’ అన్నట్టు. పేరు ఒక వరుసలో పట్టదు కాబట్టి మధ్యలో విరిగి కింది వరుసలోకి దిగుతుంది. రెండో వైపు గజశార్దూలం, అంటే ఏనుగు మీదికి లంఘించిన సింహం. మొదటిసారి చూసేవాళ్లకు అక్కడ ఏనుగూ కనబడదు, సింహమూ కనబడదు. గీతలు, చుక్కలు చిక్కుపడినట్టుంటుంది. భూతద్దం పెట్టి నాణేన్ని మెల్లగా తిప్పుతూ పోతే వంకర తిరిగిన తోక, ఎత్తిన పంజా, కింద నలిగిపోతున్న ఏనుగు తొండం ఒక్కొక్కటే విడివడతాయి. అదే కాలంలో గాహడవాలులు త్రిపురి కలచురుల పాత పద్ధతిలోనే కూర్చున్న లక్ష్మి బొమ్మతో నాణేలు వేయిస్తుంటే రతన్‌పూర్ వాళ్లు ఆ దారిన పోకుండా ఈ మృగాల పోరును ఎంచుకున్నారు. రాగి నాణేల మీదైతే హనుమంతుణ్ణి వేయించారు. ఉత్తరాదిలో లక్ష్మి బొమ్మ అంతగా చలామణిలో ఉన్న రోజుల్లో తమదంటూ ఒక ముద్ర పెట్టుకోవడం చిన్న విషయమేమీ కాదు.

అసలు చిక్కు రాజుల పేర్ల దగ్గరే వస్తుంది. ఈ వంశంలో పేర్లు చక్రంలా తిరుగుతుంటాయి. పృథ్వీదేవుడి కొడుకు జాజల్లదేవుడు, అతని కొడుకు రత్నదేవుడు, అతని కొడుకు మళ్లీ పృథ్వీదేవుడు, మళ్లీ జాజల్లదేవుడు, మళ్లీ రత్నదేవుడు. నాణెం మీద ఒకటో, రెండో చెప్పే అంకె లేదు, సంవత్సరమూ లేదు. మరి ఏ జాజల్లదేవుడు? ఏ రత్నదేవుడు? కలచురి శాసనాలన్నిటినీ 1955లో ఒకచోట కూర్చి ప్రచురించిన నాగ్‌పూర్ పండితుడు వి.వి. మిరాశీ ఈ నాణేలను మొదటి జాజల్లదేవుడికి, రెండో రత్నదేవుడికి, రెండో పృథ్వీదేవుడికి ఆపాదించారు. అంటే తాత, తండ్రి, మనవడు, స్థూలంగా 12వ శతాబ్దపు తొలి అరవై ఏళ్లు.

సోన్‌సరీ లెక్క ఈ వాదనకు ఎలా బలమిస్తుందో చూడండి. ఎవరైనా డబ్బు దాచుకున్నప్పుడు అందులో అప్పటి రాజు నాణేలే ఎక్కువగా ఉంటాయి. తండ్రి కాలంనాటివి తగ్గుతాయి, తాత కాలంనాటివి ఇంకా తగ్గుతాయి. 459, 96, 36 అన్న దిగుడుమెట్లు సరిగ్గా అలాగే ఉన్నాయి. పైగా గోవిందచంద్రుడు 1114 నుంచి సుమారు 1154 వరకు రాజ్యం చేశాడు కాబట్టి ఆ రాశిని 1114 తర్వాతే భూమిలో పాతిపెట్టి ఉండాలి. మొదటి జాజల్లదేవుడి రతన్‌పూర్ శాసనం కూడా సరిగ్గా 1114 నాటిదే, కలచురి సంవత్సరం 866. ఆ శాసనంలో అతనికి కప్పం కట్టినట్టు చెప్పిన దేశాల పట్టికలో ఆంధ్రం, ఖిమిడి పేర్లు కనబడతాయి. ఖిమిడి అంటే మన పర్లాకిమిడి వైపు సీమ. ప్రశస్తి శాసనాల్లో కవులు చేతికొద్దీ రాస్తారు కాబట్టి కప్పం మాటను అలాగే నమ్మనక్కర్లేదు. రాకపోకలు, తగవులు ఉన్నాయనడానికి మాత్రం అది సాక్ష్యమే. రతన్‌పూర్ రాజులకూ కళింగాన్ని ఏలిన అనంతవర్మ చోడగంగుడికీ జరిగిన యుద్ధాలు ఈ వంశపు శాసనాల్లో పదే పదే వస్తాయి.

ఇప్పుడు ఆ రాశి దొరికిన రోజున 9 గాహడవాల నాణేలను ఎవరో విడిగా అమ్ముకుని ఉంటే ఏమయ్యేది? వాటి మీద లక్ష్మి బొమ్మ ఉంటుంది, కాశీ బజారులో ఎప్పుడూ దొరికే రకమే అని కొన్నవాడు పెట్టెలో పడేసేవాడు. బంగారం ఒక్క గురిగింజ కూడా పోయి ఉండేది కాదు. 591 నాణేల కాలనిర్ణయానికి ఉన్న బలమైన ఆధారం మాత్రం పోయేది. నాణేల సేకరణ గురించి నేను చెప్పదలచుకున్నదంతా ఇక్కడే ఉంది. నాణేన్ని ఎక్కడ, వేటి పక్కన, ఎన్నిటితో కలిపి తీశారన్న జాడ పోతే ఆ నాణెం సగం మూగబోతుంది.

మన తూర్పు చాళుక్యుల నాణేలతో పోల్చి చూస్తే రతన్‌పూర్ కష్టం బాగా అర్థమవుతుంది. నన్నయను పోషించిన రాజరాజ నరేంద్రుడి బంగారు నాణేల మీద మధ్యలో వరాహం, చుట్టూ విడివిడిగా కొట్టిన అక్షరాలు, వాటితోపాటు పట్టాభిషేకమై ఎన్నో ఏడో చెప్పే అంకె. అంకె ఉంటే తగవే లేదు. అతనికి ముందు ఏలిన శక్తివర్మ నాణేలు బర్మాలోని అరకాన్ తీరంలోనూ, సయాంలోనూ దొరికాయి. వేంగి బంగారం సముద్రం దాటి ఎంత దూరం పోయిందో అవి చెబుతున్నాయి. అవి ఎక్కడ దొరికాయో రాసిపెట్టకపోతే ఆ సంగతి చెప్పడానికి మరో సాక్షి లేడు. ధవళేశ్వరంలో దొరికిన తూర్పు చాళుక్య, చోళ నాణేల రాశిని మద్రాసు ప్రభుత్వ మ్యూజియం 1966లో ప్రత్యేక బులెటిన్‌గా అచ్చువేసింది. రాశిని రాశిగా ప్రచురించడం అంటే అదీ.

రతన్‌పూర్ నాణేలకు ఐదారువందల ఏళ్ల ముందే దక్షిణ కోసలలో ఇంకో రకం బంగారు నాణేలున్నాయి. నా దృష్టిలో ఈ నేల మొత్తం మీద అత్యంత అందమైనవి అవే. పల్చటి బంగారు రేకును వెనక నుంచి అచ్చుతో నొక్కితే ముందు వైపు బొమ్మ ఉబ్బుతుంది, వెనక వైపు అదే బొమ్మ గుంటపడి ఉంటుంది. రెక్కలు చాచిన గరుడుడు, పక్కన శంఖచక్రాలు, కింద అడ్డగీత, గీత కింద పెట్టెల్లాంటి తలకట్లున్న అక్షరాల్లో రాజు పేరు. బరువు గ్రామున్నర కూడా ఉండదు, వేళ్ల మధ్య గట్టిగా పట్టుకుంటే వంగిపోతుంది. ఇవి ఖైర్‌తాల్, పితాయీబంద్ వంటి చోట్ల రాశులుగా దొరికాయి. కొన్నిటి మీద ప్రసన్నమాత్రుడి పేరుంది. అతను శరభపురీయ వంశపు రాజని తామ్రశాసనాల ముద్రలు చెబుతున్నాయి కాబట్టి అక్కడ తగవు లేదు. ఎక్కువ నాణేల మీద మాత్రం మహేంద్రాదిత్యుడి పేరుంది. గుప్త చక్రవర్తి మొదటి కుమారగుప్తుడికి మహేంద్రాదిత్యుడన్న బిరుదుంది కాబట్టి ఇవి అతనివేనని ఒక పక్షం, ఇక్కడి స్థానిక రాజువని ఇంకో పక్షం. గుప్తుల సొంత నాణేలు బరువైనవి, రెండు వైపులా అచ్చువేసినవి. వాటికీ ఈ రేకు నాణేలకూ తయారీలో పోలికే లేదు. దొరికిన చోట్లు కూడా దాదాపుగా ఛత్తీస్‌గఢ్, పడమటి ఒడిశాలే. నేను రెండో పక్షం వైపే మొగ్గుతాను. ఇక్కడ కూడా తీర్పు చెబుతున్నది దొరికిన చోటే కదా.

ఇదే రేకు పద్ధతిలో బస్తర్ నల రాజులు నంది బొమ్మతో నాణేలు వేశారు. 1939లో కొండగావ్ దగ్గర ఎడెంగా గ్రామంలో అవి దొరికాయి. వరాహరాజు, భవదత్తుడు, అర్థపతి అన్న ముగ్గురి పేర్లు ఒకే రాశిలో ఉండడం వల్లనే ఆ వంశపు వరుస గురించి మాట్లాడే వీలు కలిగింది. ఇంకా వెనక్కి వెళ్తే మహానది ఒడ్డున బాల్‌పూర్‌లో ఆపీలకుడనే శాతవాహన రాజు రాగి నాణెం దొరికింది. అంతదాకా ఆ పేరు పురాణాల రాజవంశ పట్టికల్లో తప్ప ఎక్కడా లేదు. ఆ ఊరివాడే అయిన లోచన్ ప్రసాద్ పాండేయ ఏటి ఒడ్డున దొరికిన ప్రతి ముక్కనూ పోగుచేసి, దొరికిన ఊరు పేరుతో సహా పండితులకు పంపేవాడు. మహాకోసల ఇతిహాస పరిషత్తును నడిపిన ఆ మనిషే ఈ ప్రాంతానికి మొదటి నిజమైన సేకర్త అని నా అభిప్రాయం. ఆయన ధనికుడని కాదు, ఊరు పేరు రాయడం మరిచిపోలేదని.

నాణేల జాడను ఎలా కాపాడుకోవచ్చో చూడడానికి ఇక అమెరికా సంగతి. బంగారు నాణేల సేకరణలో ప్రపంచంలో అందరికంటే పకడ్బందీగా ఉన్నవాళ్లు ఆ దేశపు పడమటి సరిహద్దు కాలం నాణేలు సేకరించేవాళ్లే. 1848 జనవరిలో కాలిఫోర్నియాలో సట్టర్ మిల్లు దగ్గర బంగారం కనబడింది. టంకశాల ఏదీ దగ్గరలో లేదు, ఫిలడెల్ఫియా ఖండానికి అవతలి కొసన ఉంది. దుకాణాల్లో బంగారు పొడిని చిటికెలతో కొలిచి సరుకులు కొనేవాళ్లు. అందుకని కంపెనీలు, పరీక్షకులు సొంతంగా నాణేలు కొట్టడం మొదలుపెట్టారు. అంతకుముందే ఉత్తర కరోలినాలో బెక్ట్‌లర్ అనే జర్మన్ కుటుంబం 1831 నుంచి ఈ పని చేసింది, ప్రభుత్వం డాలరు బంగారు నాణెం వేయడానికి చాలా ఏళ్ల ముందే వాళ్లు వేశారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో మాఫట్ కంపెనీ, యాభై డాలర్ల ఎనిమిది మూలల నాణెం వేసిన అగస్టస్ హంబర్ట్, యూటాలో మోర్మన్లు, ఒరెగాన్‌లో బీవర్ బొమ్మతో ఒక కంపెనీ, డెన్వర్‌లో క్లార్క్, గ్రూబర్ కంపెనీ. కొందరు నిజాయితీగా తూచారు, కొందరు తూచలేదు. మోర్మన్ల నాణేల్లో రాసిన విలువకు సరిపడా బంగారం లేదని పరీక్షల్లో తేలేసరికి జనం వాటిని తగ్గింపు ధరకు తప్ప తీసుకోలేదు. అవి కొలిమిలోకి పోయాయి. 1854లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రభుత్వ టంకశాల తెరుచుకున్నాక మంచి నాణేలు కూడా కరిగిపోయాయి. 1864లో కాంగ్రెస్ ప్రైవేటు నాణేలనే నిషేధించింది. ఇవాళ అవి అరుదైనవి కావడానికి కారణం కొట్టినవి తక్కువ కావడం కంటే కరిగించినవి ఎక్కువ కావడమే.

ఈ కథ మనకెందుకంటే, కరగగా మిగిలిన వాటిని వాళ్లు ఎలా కాపాడుకున్నారో చూడడానికి. పరీక్షల నివేదికలు, ఆనాటి పత్రికల్లో కంపెనీల ప్రకటనలు, కోర్టు కాగితాలు అన్నీ నాణేల పక్కన పెట్టుకుని చదివారు. 1857 సెప్టెంబరులో తుపానులో మునిగిన సెంట్రల్ అమెరికా అనే ఓడలో కాలిఫోర్నియా బంగారం ఉంది. 1988 నుంచి దాన్ని పైకి తీశారు. అందులోని కడ్డీల మీద పరీక్షకుడి పేరు, వరుస సంఖ్య, బరువు, మేలిమి, విలువ అన్నీ ముద్రించి ఉన్నాయి. ఒక్కో కడ్డీకి జాతకం దొరికినట్టే. 1933లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం ప్రజల దగ్గరున్న బంగారం అప్పగించమని ఉత్తర్వు ఇచ్చినప్పుడు కూడా, సేకర్తలకు ప్రత్యేక విలువ ఉన్న అరుదైన నాణేలను మినహాయించింది. ఆ ఒక్క వాక్యం ఎన్ని నాణేలను కొలిమి నుంచి కాపాడిందో!

మన చట్టం వేరే దారిలో నడిచింది. 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. పది రూపాయల విలువ దాటిన నిధి ఏది దొరికినా కలెక్టరుకు తెలియజేయాలి. చెప్పకుండా దాచితే వాటా పోతుంది, ఏడాది దాకా జైలు పడవచ్చు. హక్కుదారులెవరూ లేరని తేలితే, వేరే ఒప్పందం లేనప్పుడు దొరికినవాడికి మూడొంతులు, భూమి యజమానికి ఒక వంతు. ఇది న్యాయంగానే ఉంది. అయితే ప్రభుత్వం ఆ నిధిని తానే తీసుకోదలిస్తే చెల్లించేది లోహం విలువ, దానిమీద ఐదో వంతు. నా అభ్యంతరం అక్కడ. సరాఫా బజారులో కంసాలి కూడా దాదాపు లోహం విలువే ఇస్తాడు, కాగితాలు అడగడు, కచేరీ చుట్టూ తిప్పడు. పొలం దున్నుతుంటే నాగలికి బంగారం తగిలిన రైతు కుటుంబం ఏ వైపు నడుస్తుందో ఊహించడం కష్టం కాదు. లంకెబిందెల గురించి మన ఊళ్లలో ఎన్ని కథలున్నా వాటి చివర మ్యూజియం ఉండదు, గొలుసులో, గాజులో ఉంటాయి. చారిత్రక విలువను లెక్కగట్టి, దొరికిన చోటును సరిగ్గా చూపినందుకు అదనంగా ముట్టజెప్పే నియమం వస్తే ఆ కుటుంబం దారి మారుతుంది. శిక్ష భయంతో ఇది సాధ్యపడదని 1878 నుంచి చూస్తూనే ఉన్నాం.

కలెక్టరు దాకా చేరిన రాశులకూ పూర్తి క్షేమం దక్కలేదు. బ్రిటిష్ కాలంలో నిధిగా వచ్చిన నాణేలను రకరకాల మ్యూజియాలకు పంచిపెట్టడం ఆనవాయితీ. ఇలా పంచితే దేశమంతటా చదువుకునే వీలుంటుందన్న ఉద్దేశం మంచిదే. ఫలితంగా ఒకే బిందెలో కలిసి పడుకున్న నాణేలు వేర్వేరు రాష్ట్రాల అల్మారాలకు చేరాయి. మధ్య పరగణాల నాణేలకు నాగ్‌పూర్ మ్యూజియం ముఖ్య నిలయమైంది. రాయ్‌పూర్‌లో 1875లో మొదలైన మహంత్ ఘాసీదాస్ స్మారక మ్యూజియం ఉంది, ఛత్తీస్‌గఢ్‌లో ఈ విషయం మీద ఆసక్తి ఉన్నవాళ్లు మొదట వెళ్లాల్సింది అక్కడికే.

సొంతంగా కొనదలచినవాళ్లకు కొన్ని మాటలు. వందేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. అమ్మేవాడికి లైసెన్సు ఉండాలి, ప్రైవేటు వ్యక్తి దాన్ని దేశం దాటించడానికి వీల్లేదు. అమెరికాలో ఉన్న అబ్బాయికో అమ్మాయికో కానుకగా పంపుదామనుకునే పెద్దలు ఈ సంగతి తప్పక గుర్తుపెట్టుకోవాలి. లైసెన్సున్న వేలం సంస్థల దగ్గర కొని, బిల్లు, కేటలాగు పేజీ నాణెంతోపాటు భద్రపరచుకోవడం ఒక్కటే సరైన మార్గం. ‘ఊళ్లో దొరికిందండీ, ఎవరికీ చెప్పకండి’ అంటూ ఎవరైనా చేతిలో పెడితే, అది నకిలీ అయినా నష్టమే, అసలైనదైతే ఇంకా పెద్ద తప్పు.

నకిలీల మాటకొస్తే రతన్‌పూర్ నాణెంలో మొదట చూడాల్సింది అక్షరాల అంచులు. అచ్చుతో కొట్టినప్పుడు లోహం అక్షరం చుట్టూ ఒత్తుకుని పారుతుంది, గీతలు పదునుగా ఉంటాయి. మూసలో పోసిన నకిలీలో అంచులు మెత్తబడి, ఉపరితలం మీద సన్నని సూదిపోట్ల లాంటి గుంటలు కనబడతాయి. తర్వాత బరువు, ఆ తర్వాత నీటిలో తూచి సాంద్రత. గీటురాయి మీద గీయించడం మాత్రం వద్దు, నాణెం అంచు అరిగిపోతుంది. పాత కొండీ ఊడదీసి పూడ్చిన టంకం మచ్చ ఉందేమో పైభాగంలో చూడండి. మెళ్లో వేసుకున్న నాణేలు మన దేశంలో ఎన్నో ఉన్నాయి. ఆ మచ్చను దాచకుండా చెప్పే అమ్మకందారును నమ్మవచ్చు. రేకు నాణేల విషయంలో నకిలీ చేయడం ఇంకా తేలిక, కాబట్టి పాత ప్రచురణలో ఫొటో ఉన్న నాణెమైతే తప్ప కొనకపోవడమే మేలని నా సలహా. కొనే స్థోమత లేనివాళ్లు నిరాశపడనక్కర్లేదు. రాగి హనుమంతుడి నాణేలు అందుబాటు ధరలో ఉంటాయి, వాటి మీద చేయాల్సిన పని కూడా బోలెడంత ఉంది.

ఇక సోన్‌సరీ నాణేలు ఏ రాజులవన్న ప్రశ్నలో మిగిలిన అసలు పని అచ్చుల పోలిక. నాణేనికి రెండు అచ్చులుంటాయి, పేరున్నది ఒకటి, గజశార్దూలం ఉన్నది ఇంకొకటి. రాజు మారితే పేరు అచ్చు మార్చక తప్పదు. మృగాల అచ్చు ఇంకా అరగకుండా ఉంటే టంకశాలలో దాన్నే కొనసాగించి ఉండవచ్చు. సోన్‌సరీ నాణేలు ఇవాళ ఏ ఏ మ్యూజియాల్లో ఉన్నాయో జాబితా వేసి, ప్రతి నాణేన్నీ రెండు వైపులా ఒకే కొలతలో ఫొటో తీసి పక్కపక్కన పెడితే ఈ సంగతి తేలుతుంది. రత్నదేవుడి నాణెం వెనకా, పృథ్వీదేవుడి నాణెం వెనకా ఒకే అచ్చు గజశార్దూలం కనబడితే వాళ్లిద్దరూ వెంటవెంటనే ఏలిన తండ్రీకొడుకులని, అంటే రెండో రత్నదేవుడు, రెండో పృథ్వీదేవుడు అని చెప్పడానికి బలం చేకూరుతుంది. అలా కాకుండా పృథ్వీదేవుడి అచ్చు నేరుగా జాజల్లదేవుడి నాణెం వెనక కనబడితే ఆ జాజల్లదేవుడు తాత కాకుండా కొడుకైన రెండో జాజల్లదేవుడే కావచ్చు. అప్పుడు 36 నాణేల పెట్టె మీద చీటీ మార్చాల్సి వస్తుంది.